హాస్యప్రతినాయకుఁడు: జపాను బొమ్మలకథయం దొక పాత్రయుగ్మము

హాస్యరసమునకు విదూషకుని, వైరమునకుఁ బ్రతినాయకుని లాక్షణికులు వేఱువేఱుగా నేర్పఱచిరి. విదూషకుఁడు నాయకుని చెలికాఁడు. అతని వేషభాషావికారములు నాయకపక్షముననే యుండి, కథకు హాని చేయక నవ్వు పుట్టించును. ప్రతినాయకుఁడు గర్వియు, లుబ్ధుఁడును, పాపకర్ముఁడు నై కథకు విఘ్నము కలిగించును. మఱి విఘ్నము కలిగింపవచ్చి నవ్వు పుట్టించి పోవు పాత్ర యే వర్గమునఁ జేరవలెను? ప్రశ్న క్రొత్తది కాదు. శూద్రకుని మృచ్ఛకటికమునందలి శకారుఁడు దీనికిఁ బూర్వోదాహరణము. శకారుని నాట్యశాస్త్రము సయిత మొక పాత్రజాతిగాఁ బేర్కొన్నది. రాజునకు బావమఱఁదినన్న గర్వమును, పురాణకథల నొకదానితో నొకటి కలిపి చెప్పెడి మౌఢ్యమును వానిని నవ్వులపాలు చేయును. కాని యా నవ్వు నిలువదు. ఉద్యానమున వసంతసేన గొంతు నులిమినప్పుడు ప్రేక్షకుని పెదవి బిగియును. ఆపై చేసిన నేరమును చారుదత్తునిపై మోపఁగా వాఁడు పూర్ణముగాఁ బ్రతినాయకుఁ డగును. శకారునియందు హాస్యము పైపూఁత, క్రౌర్యము లోహము.

లోహమే లేక పైపూఁత మాత్రమే గల ప్రతినాయకుఁ డుండునా? ఉన్నచో వానిని పాత్ర యనవచ్చునా, లేక పిల్లలను నవ్వించుటకుఁ గట్టిన దిష్టిబొమ్మ యని త్రోసివేయవలెనా? ఈ విచారమునకు జపానుదేశపు చిత్రకథలలోని యొక పాత్రయుగ్మము మిక్కిలి యనుకూలముగా నున్నది. ముసాషి యను స్త్రీయు, కోజిరో యను పురుషుఁడును, వారి వెంటఁ దిరుగు న్యాసు అను మాటలాడు పిల్లియు నీ కూటమి. వీరు 'పాకెట్ మాన్‌స్టర్సు' అను వీడియో ఆటనుండి పుట్టిన కథాప్రపంచమునకుఁ జెందినవారు. ఓనో తోషిహిరో రచించిన 'దెంగెకి పికాచూ' అను మాంగాలో, అనఁగా జపాను పద్ధతి బొమ్మలకథలో, వీరికి దొరకిన చోటు స్వల్పము. ఆ స్వల్పస్థానముననే వీరి కథకు నిర్వహణము కుదిరినది. వేయికి మించిన ఘట్టములు గల టెలివిజను ధారావాహికమున నది కుదురలేదు.

మూలమునుండి ప్రారంభింపవలెను. ఆట 1996 ఫిబ్రవరిలో జపానున గేమ్ బాయ్ అను చేతిలో నిముడు యంత్రముపై ఎఱుపు, ఆకుపచ్చ యను రెండు రూపములతో వెలువడెను. తజిరి సతోషి దీని ప్రధానకల్పకుఁడు. ఆడువాఁడు బాలుఁడై యూరూరఁ దిరిగి 151 విధముల జంతువులను బట్టి, పెంచి, యితరుల జంతువులతోఁ బోరించును. త్రోవలో నడ్డము వచ్చునది 'రొకెట్టో దన్' అను దొంగలమూఁక. జపానుభాషలో 'దన్' అనఁగా గుంపు. దానికిని తెనుఁగు 'దండు'నకును గల ధ్వనిసామ్యము కాకతాళీయమే యైనను, 'రాకెట్టు దండు' అని వ్రాసినచో నర్థము చెడదు గనుక నట్లే వాడుట సుకరము. ఆటలో నీ దండునకు సకకి యను నాయకుఁ డొకఁడు మాత్రము పేరుగలవాఁడు. తక్కినవా రొక్కయచ్చునఁ బోసిన నల్లదుస్తులవారు. ఒకనికిని సొంతపేరు లేదు. ఎదిరింతురు, ఓడుదురు, ఒక్క మాట పలికి యూరకుందురు. ఆటయొక్క ధర్మమే యది. ఆడువాని విజయము లెక్కకు వచ్చునే కాని, యోడినవాఁడు సాయంకాలమున నెచ్చటికిఁ బోయెనో, ఏమి తినెనో యన్న విచారమున కందుఁ దావు లేదు. ప్రతినాయకుఁ డిచ్చట నొక మెట్టు. ఎక్కినతరువాత మెట్టును జూచువాఁ డెవఁడు?

1997 ఏప్రిలులో టోక్యో టెలివిజనులో నీ యాటకథ కదలుబొమ్మల ధారావాహికముగా మొదలయ్యెను. వారమువారమును సాగవలసిన కథకుఁ బేరులేని మూఁక చాలదు. రెండవ ఘట్టముననే ముసాషియుఁ గోజిరోయుఁ బ్రవేశించిరి. వీరి పని యొకటే: కథానాయకుఁడైన సతోషియొద్ద నున్న పికాచూ యను పసుపువన్నె యెలుకజాతి జంతువు నపహరించుట. వారమునకొక వంచన, వారమునకొక వేషము, గోఁతులు, వలలు, యంత్రములు. తుదకు మెఱుపుదెబ్బ తగిలి యాకసమున కెగిరి చుక్కవలె మాయమగుట. మఱువార మేమియు జరుగనట్లు తిరిగి వచ్చుట. ఆటలో నోడినవాఁడు నిలిచిపోవును. ఇందు నోడినవాఁడు తిరిగి వచ్చును. మొదటి మార్పిదియే. దీనితోనే పాత్రకుఁ బ్రాణము పోసినట్లైనది. అపజయము వీరికి మరణము కాదు, వృత్తి.

వీరి పేళ్ల విషయ మిచ్చట నావశ్యకము. మియమొతో ముసాషి, ససకి కోజిరో యను వారు జపానుదేశమునఁ జరిత్రప్రసిద్ధులైన ఖడ్గవిద్యానిపుణులు. 1612లో గన్ర్యూ యను చిన్నద్వీపమున నిరువురకును ద్వంద్వయుద్ధము జరిగెను. ముసాషి కావలెననియే యాలస్యముగా వచ్చెననియు, పడవతెడ్డును జెక్కి చేసిన కొయ్యకత్తితో, పొడవైన కత్తికిఁ బేరుపడిన కోజిరోను జంపెననియు నైతిహ్యము. యొషికవా ఏజి 1935 మొదలు 1939 వఱకు నొక దినపత్రికలోఁ బ్రకటించిన 'ముసాషి' యను బృహన్నవల యీ యుద్ధముతోనే ముగియును. దానివలన నీ జంటపేళ్లు పామరులకు సయితము నోటఁ బట్టినవి. ఒకరు బ్రదుకవలెనన్న వేఱొకరు చావవలెను. ఆ రెండు పేళ్లు ప్రక్కప్రక్కన విన్నంతనే జపానుపాఠకుని చెవిని బడునర్థ మిది. అట్టి పేళ్లను దెచ్చి, కూటికి లేక దొంగతనములు చేయఁబోయి పదేండ్ల బాలునిచే నోడింపఁబడెడి యిద్దఱికిఁ బెట్టుట మొదటి హాస్యము. పురుషులలో వీరాగ్రేసరుని పేరు స్త్రీకిఁ బెట్టుట రెండవది. మూఁడవది లోఁతైనది. ఐతిహ్యమున నొకచోటఁ గలసి బ్రదుకఁజాలని యా రెండు పేళ్లు నిందొకదాని విడిచి యొకటి యుండఁజాలవు. ముసాషి కోపిష్ఠురాలు, కోజిరో భీరువు, సుకుమారుఁడు. ధనికుల యింటఁ బుట్టి, పెద్దలు కుదిర్చిన పెండ్లికి జడిసి పాఱివచ్చినవాఁ డని ధారావాహికమునఁ జెప్పఁబడినది. ఆ నిశ్చితవధువు ముసాషినే పోలియుండుట కథకుని కొంటెతనము. ముసాషియో, బాల్యమున మంచును భోజనపదార్థములుగా మలఁచి తిన్నంతటి పేదఱికమునఁ బెరిగినది. ప్రతిదినమును వీరి తగవులలో గన్ర్యూద్వీపయుద్ధము మఱల జరుగుచునే యుండును. ప్రతిదినమును ముసాషియే గెలుచుచుండును. ఐనను జచ్చువాఁడు లేఁడు.

వీరి ప్రవేశవిధానము పండితులు ప్రత్యేకముగాఁ జూడఁదగినది. ఎచ్చటఁ బ్రత్యక్షమైనను వీరు ముందుగాఁ దమ్ముఁ దాము వర్ణించుకొను నొక పాటవంటి వాక్యసముదాయమును, నొకరొక చరణముగాఁ బంచుకొని, భంగిమలతోఁ జెప్పుదురు. దొంగ మాటున రావలెను గాని తన పేరును దాటించుకొనుచు వచ్చుట యెక్కడి నీతి యని యడుగవచ్చును. ఇది జపాను నాటకముల కలవాటైన పద్ధతియే. కవతాకె మొకుఅమి 1862లో రచించిన కబుకి నాటక మొకదానియందు నైదుగురు దొంగలు నదీతీరమున వరుసగా నిలిచి, ఏడైదు మాత్రల నడకలోఁ దమ జన్మమును, పేరును, చేసిన దోపిళ్లను జెప్పుకొందురు. ఆ ఘట్టము నేఁటికిని బ్రేక్షకుల కత్యంతప్రీతికరము. తెనుఁగువారికి నిది వింత కాదు. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తెరపై జడవైచి, ప్రవేశదరువున తా నెవ్వతెయో తానే చెప్పుకొనును. పాత్ర తన్నుఁ దాను బ్రకటించుట రంగధర్మము. అందు దోషము లేదు. దోష మెచ్చట నున్నదనఁగా, ఆ యైదుగురు దొంగలు చెప్పినంతటివారే. ముసాషి కోజిరోలు చెప్పినదానిలో నూఱవవంతు కారు. విశ్వశాంతిని గాపాడెద మని ప్రతిజ్ఞ చేసి, యెలుకకొఱకు వల పన్నుదురు. హాస్యమునకు మూలము వికృతియని భరతుఁడు చెప్పినది వేషవికృతి, వాగ్వికృతులకే కాదు, ప్రతిజ్ఞకును బ్రయత్నమునకును గల యంతరమునకు నన్వయించును.

ఆ ప్రవేశవాక్యములలో నొక్క మాట మిగుల గుఱుతింపవలసినది. వారు తమ్ము 'దొంగల' మని కాని 'దుష్టుల' మని కాని చెప్పుకొనరు. 'కతకియకు' అని చెప్పుకొందురు. 'కతకి' శత్రువు, 'యకు' వేషము. ఇది కబుకి రంగమునఁ బ్రతినాయకవేషమునకుఁ బారిభాషికపదము. అనఁగాఁ దాము శత్రువులము కాము, శత్రువేషధారుల మని వారి నోటనే వచ్చినది. ఆ నాటకపరిభాషలోనే వీరికి సరిపోవు నవాంతరభేద మొకటి కలదు: 'హందోగతకి', అనఁగా హాస్యము కలిసిన శత్రువేషము. దీనికిఁ బ్రసిద్ధోదాహరణము 1748లో వెలసిన 'కనదెహోన్ చూషింగురా' అను నాటకమునందలి సగిసకా బన్నై. వాఁడు దుష్టుఁడైన మొరొనావోకు భృత్యుఁడు. ప్రభువు క్రూరుఁడు, భృత్యుఁడు వెఱ్ఱివాఁడు. ఓకరు అను యువతిని, కన్‌పేయి యను నామె ప్రియునియొద్దనుండి లాగికొనిపోవలెనని మూఁకతో వచ్చి, దెబ్బలు తిని, నవ్వులపాలై పోవును. ఆ ఘోరకథలోఁ బ్రేక్షకునకు శ్వాస తీసికొనుట కవకాశ మిచ్చువాఁడు వాఁడే. రాకెట్టు దండునకు సకకి మొరొనావోవంటివాఁడైనచో, ముసాషి కోజిరోలు బన్నై సంతతివారు. బన్నైకిని వీరికిని భేద మొకటి కలదు. బన్నై యొక ఘట్టమునకు వచ్చి పోవును. వీరో యేండ్లతరబడి రావలసినవారు. క్షణికమున కేర్పడిన వేషమును నిత్యము చేయించినచో నేమగును? ఆ పరీక్షయే యా ధారావాహికమున జరిగినది.

పిల్లి విషయము సంగ్రహముగాఁ జెప్పినఁ జాలును, కాని విడువరాదు. న్యాసు నొసట 'కోబన్' అను బంగారునాణెము మెఱయుచుండును. పూర్వము జపానునఁ జెల్లుబడిలో నుండిన కోలనాణె మది. 'పిల్లికి కోబన్' అన్నది యచ్చటి సామెత. 'గాడిదకేమి తెలియును గంధపుఁ బొడి' అని తెనుఁగువా రనుట యెట్టిదో యట్టిది. ఆటలో నీ జంతుజాతి నాణెములు విసరి చేయు పోటునకు నా సామెతయే పేరు. కాని ముసాషి కోజిరోల పిల్లి కా విద్య రాదు. ఒక యాఁడుపిల్లి మెప్పుకొఱకు మనుష్యునివలె నడుచుటకును మాటలాడుటకును నేర్చి, తన శక్తియంతయు దానికే వ్యయము చేసినందున జాతివిద్య నేర్వలేకపోయెనని ధారావాహికమునఁ గలదు. ఆ యాఁడుపిల్లి యా వింతజంతువును నిరాకరించెను. నొసట నాణెము, చేత శూన్యము. సామెతలోఁ బిల్లికి బంగారము విలువ తెలియదు. ఈ పిల్లికిఁ దెలియును, దొరకదు. శబ్దశ్లేషనుండి కరుణము పుట్టించుట చిన్నపిల్లల కథయందు సులభసాధ్యము కాదు. ఆ కథ కల్పించినవారికి నీ గౌరవము చెల్లవలసినదే.

ఇఁక మాంగా. పాకెట్ మాన్‌స్టర్సు కథను మాంగాలుగా మలఁచినవారు పలువురు. వారిలోఁ గుసాకా హిదెనోరి కథయు, మాతో యను చిత్రకారిణి చిత్రములును గూర్పఁగా 1997లో మొదలైన 'పాకెట్ మాన్‌స్టర్సు స్పెషల్' ప్రఖ్యాతమైనది. అందు రాకెట్టు దండు నిజముగా భయంకరము. ఆటలో వీరనాయకులుగా నున్న క్యో, మతిసు, నత్సుమె యను మువ్వు రందు దండునకు సేనానులు. హాస్యమునకుఁ జోటు తక్కువ. అది శకారమార్గము కూడఁ గాదు, శుద్ధప్రతినాయకమార్గము. ఓనో తోషిహిరో త్రోవ వేఱు. అతని 'దెంగెకి పికాచూ' 1997నుండి షోగకుకన్ ప్రచురణసంస్థవారి బాలపత్రికలో వెలువడి, నాలుగు సంపుటము లయ్యెను. టెలివిజను కథనే యాధారము చేసికొన్నను, అతఁడు దానిని దన యిచ్చవచ్చినట్లు కుదించెను. అతని పికాచూ మొదట సతోషియింటిలోనే దాఁగి విద్యుత్తీగలను గొఱుకుచుండిన జంతువు. అనఁగాఁ గథ యింటినుండియే మొదలగును. పాత్రలకు వయస్సు, ఆఁకలి, అలసట కనఁబడుట, దారిఖర్చువంటి సంగతులు మెదలుట యతని రీతి.

ఇట్టి రచనలో ముసాషి కోజిరోలకు వారమువారమును వచ్చుట కవకాశము లేదు. ఉన్న పుటలే కొన్ని. వా రప్పుడప్పుడు వచ్చి పోవుదురు. పెక్కు ప్రకరణములలో నసలే కానరారు. టెలివిజనులో వారికిఁ గల ప్రాధాన్యమును దలఁచి యీ గ్రంథము చేతఁబట్టిన బాలుఁడు నిరాశపడుట సహజము. ఆ యాక్షేపణమున సత్యము లేకపోలేదు: వారి సంభాషణల సొగసు, వేషముల వైవిధ్యము నిందు దక్కలేదు. పాత్రపోషణ మను కొలఁతతోఁ జూచినచో ధారావాహికమే మేలు. కాని యీ లోపమే యొక లాభమును దెచ్చినది. తఱచుగా రాని పాత్ర కొకమాఱు వచ్చుటకును మఱొకమాఱు వచ్చుటకును నడుమఁ గాలము గడచును. తెరమఱుఁగునఁ గూడ వారు బ్రదుకుచున్నా రని పాఠకుఁ డూహింపఁ గలుగును. ధారావాహికమున వారమునకొకమాఱు మఱల మొదటికి వచ్చు పాత్రకుఁ గాలము లేదు. అందు సతోషికిని, వానిని వెన్నాడు వీరికిని వయస్సు రాదు. 1997నుండి 2023 మార్చిలో సతోషికథ ముగియువఱకు నా ధారావాహికము సాగినది. ఆ యిరువదియాఱేండ్లలోను వా రిరువురు నెట్లు మొదలైరో యట్లే నిలిచిరి.

ఓనో గ్రంథాంతమున వా రొకమాఱు కానఁబడుదురు. దంపతులైయున్నారు. ముసాషి గర్భవతి. అంతియే. పెండ్లి యెప్పుడు జరిగెనో, దొంగతనము నెప్పుడు మానిరో, మానిరో లేదో కూడ వివరము లేదు. వచ్చి క్షమాపణ వేఁడలేదు, ఎవ్వరును శిక్షింపలేదు. నాలుగు సంపుటముల కథలో నిది యొక మూల నున్న చిత్రము. దీనిని బాలపాఠకులు నవ్వి త్రిప్పివేయుదురు. పెద్దలు కొంద ఱిది రచయిత వేళాకోళ మనిరి. టెలివిజను కథపైఁ బ్రీతి గలవారు వీరి స్నేహము స్నేహముగానే యుండవలెననియు, ప్రణయ మంటింపరాదనియు వాదించిరి. ఆ వాదము ధారావాహికమునకుఁ జెల్లును. ఈ గ్రంథమునకుఁ జెల్లదు. ఏలయనఁగా నీ ముగింపునకు బీజము ప్రణయము కాదు, పేళ్లు. కోజిరోను జంపవలసిన ముసాషి, కోజిరో బిడ్డను మోయుచున్నది. గన్ర్యూద్వీపమున నొకరి మరణముతో ముగిసిన ద్వంద్వమే యిందు మూఁడవ జీవముతో ముగిసినది. బీజము నాటినవారు ధారావాహికరచయితలు. ఫలము కోసినవాఁడు ఓనో. సంధులలో మొదటిది యొకచోటను, గడపటిది వేఱొకచోటను నుండుట వింతయే యైనను, ఒక కథను బలువురు మలఁచుకొను సంప్రదాయమున నిట్టివి జరుగును. భారతకథలోని చిన్నమాటను బట్టి పిమ్మటి నాటకకర్త పూర్ణాంకము నిర్మించుట యెఱుఁగనిది కాదు.

ఇందు రసనిర్ణయ మెట్లు? నాట్యశాస్త్రము హాస్యము నాఱువిధములుగా విభజించి, స్మితహసితము లుత్తములకును, విహసితోపహసితములు మధ్యములకును, అపహసితాతిహసితము లధములకును జెప్పినది. టెలివిజనులో వా రాకసమున కెగిరిపోవునప్పుడు పుట్టు నవ్వు కన్నీరు తెప్పించి ప్రక్కలు పట్టుకొనఁ జేయు నతిహసితము. ఓనో చివరిచిత్రము చూచినపుడు పండ్లు కానరాని స్మితము. ఒకే పాత్రలు, ఒకే హాస్యము, మెట్టు మాత్రము మాఱినది. శృంగారము పొడసూపినదని యనవచ్చును గాని, దానికిఁ దగిన విభావానుభావము లొక్కటియు వర్ణింపఁబడలేదు. కనుక నది హాస్యమునకే యంగము. శకారునితోఁ బోల్చినచో నీ సంగతి యింకను విశదమగును. చారుదత్తుఁడు శకారుని విడిచిపెట్టెను. అది చారుదత్తుని యౌదార్యము, శకారుని మార్పు కాదు. శకారుఁడు నాటకాంతమునఁ గూడ శకారుఁడే. ముసాషి కోజిరోలను విడిచిపెట్టుట కెవ్వఁడును లేఁడు. వా రెవ్వరి దయకును బాత్రులు కానక్కఱలేదు. వారి జీవితము నాయకుని కథకు వెలుపల నడచినది. దిష్టిబొమ్మకుఁ జేను దాటిన జీవితము లేదు. వీరికుండుట చేతనే వీరు పాత్రలు.

ఆటలోనికి వీరు తిరిగి వచ్చిన వైనమును నిచ్చటఁ జెప్పవలెను. టెలివిజనుకథకు వచ్చిన యాదరమును జూచి, 1998 సెప్టెంబరులో జపానున వెలువరింపఁబడిన పసుపువన్నె యాటలో వీ రిరువురుఁ జేర్పఁబడిరి. పాము, విషవాయువు గ్రక్కు గుండు, పిల్లి యనువానితో నాలుగుచోట్ల నడ్డగింతురు. పోరాటమున వారికిచ్చిన బిరుదు దండుపేరే, సొంతపేరు కాదు. ఆటలో మఱల మెట్టులే యైరి. మాంగాలో మనుష్యులై, యాటలో మెట్టులగుట యే ప్రక్రియ కేది సాధ్యమో చెప్పకయే చెప్పుచున్నది.

భాషాంతరీకరణమున నీ కథకుఁ గలిగిన నష్టము పండితులకుఁ బ్రత్యేకవిచారణీయము. ఓనో గ్రంథము 1998నుండి యమెరికాలో నాంగ్లమున వెలువడెను. చిత్రములలో ముసాషి యంగసౌష్ఠవమును గొంత తగ్గించి దిద్దిరి. బాలపాఠకుల నుద్దేశించిన దిద్దుబాటది, దానిఁగూర్చి చెప్పవలసినది పెద్దగా లేదు. పేళ్ల మార్పే పెద్దనష్టము. ఆంగ్లమున ముసాషికి జెస్సీ యనియు, కోజిరోకు జేమ్సు అనియుఁ బేళ్లు. 1847లోఁ బుట్టి 1882లో సొంతముఠావానిచేతనే కాల్పఁబడి చచ్చిన జెస్సీ జేమ్సు అను నమెరికా బందిపోటు పేరును రెండుగాఁ జీల్చి యిద్దఱికిఁ బంచిరి. వేఱొక దొంగలజంటకు బుచ్ కాసిడీ యను మఱియొక బందిపోటు పేరును నట్లే పంచుట చూడఁగా నిది బుద్ధిపూర్వకమైన పద్ధతియే యని తేలును. చాతుర్యము లేదనరాదు. దొంగలకు దొంగపేరు, జంటకు జంటపేరు, వినుట కింపు. జపానుపేళ్ల హాస్యము నమెరికా బాలునకు జేర్పవలె నన్న యాశయము మంచిదే.

కాని రెండు పేళ్ల బంధస్వరూపమే తలక్రిందైనది. ముసాషి, కోజిరో యనునవి యిద్దఱు శత్రువుల పేళ్లు. జెస్సీ, జేమ్సు అనునవి యొక్క మనుష్యుని పేరు. మొదటిదాన విరోధము, రెండవదాన నభేదము. జపానుపేళ్లతోఁ గడపటిచిత్రము చూచిన పాఠకుఁడు శత్రువు లొకటైరని నవ్వును. ఆంగ్లపాఠకునికి మొదటినుండియు నొకటియే యైన పేరు మఱల నొకటి యైనది. నవ్వుటకు హేతు వేమి? చిత్ర మదే, గీఁత లవే, ఫలము మాత్రము రాలిపోయినది. పుటపుటయు సరిచూచి మాటకు మాట వేసిన భాషాంతరమునఁ గూడ, పేరొకటి మార్చినచోఁ గథాంతమే శూన్యమగుట కిది స్పష్టమైన నిదర్శనము. తెనుఁగునాఁట బాలురు టెలివిజనులో వీరి నెఱిఁగినది జెస్సీ, జేమ్సు అనియే. వారికిఁ గన్ర్యూద్వీపమును తెలియదు, అమెరికా బందిపోటును దెలియఁడు. రెండు హాస్యములును బోయి వట్టి శబ్దములు మిగిలినవి.

ఈ మాంగాను దెనిఁగింప నెవ్వఁడైనఁ బూనుకొన్నచోఁ బేళ్ల కేమి చేయవలెను? పల్నాటికథనుండి నాగమ్మ, బ్రహ్మనాయుఁడు అని పెట్టవచ్చునని తోఁచును. ప్రసిద్ధమైన వైరము, స్త్రీపురుషుల జంట, విన్నంతనే గుఱుతు పట్టఁదగినది. తొలిచూపున నిది బాగుగానే యున్నది. కాని నాగమ్మ చరిత్రలోఁ గూడ స్త్రీయే. వీరపురుషుని పేరు దాల్చిన స్త్రీ యన్న రెండవ హాస్య మందు లేదు. అంతకంటె, పల్నాటిపేళ్లు తెచ్చినవెంటనే జపాను వీథులు, జపాను భోజనము, జపాను వేషములు నున్న చిత్రములు వానితో వైరము పూనును. భీమదుర్యోధనుల పేళ్లు మఱింత బరువు. హాస్యము వానిని మోయఁజాలదు. ముసాషి, కోజిరో యను పేళ్లనే నిలుపుట మేలు. గన్ర్యూద్వీపకథను రెండు మూఁడు వాక్యములలో మొదటి సంపుటపు పీఠికలోఁ జెప్పవలెను. నాలుగవ సంపుటపుఁ గడపటిచిత్రము క్రింద దానిని జేర్పరాదు. అచ్చటఁ జేర్చినచో, నవ్వవలసిన పాఠకుఁడు చదువుకొనుచుఁ గూర్చుండును.